పొరుగు చెరువులలోని నగర జలము

రామసముద్రము మదనపల్లెకు దక్షిణమున, పుంగనూరుకు పడమట నున్న మండలము. దాని పొలిమేర దాటినచో కర్ణాటకలోని కోలారు జిల్లా ప్రారంభమగును. పటముపై గీయబడిన ఆ సరిహద్దు నేలకును, వానకును, భాషకును పెద్ద అడ్డుగా ఎన్నడును నిలిచినది కాదు. అటు ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతపు పల్లెలలో తెలుగు ఇంటిభాషగా వినవచ్చును. ఇటు సంతలలో కన్నడము కొత్త భాష కాదు. ఇరువైపులను అవే గుండ్రాళ్ల గుట్టలు, అదే ఎర్రని గరపనేల, అవే టమోటా తోటలు, వేరుశనగ చేలు, పట్టుపురుగులకై పెంచు మల్బరీ మళ్లు, ఏటికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా కురిసియు ఏ నెలలో కురియునో చెప్పరాని అదే వాన. జీవనది యనునది ఈ భూభాగమునకు లేదు. కనుకనే పూర్వులు వంక వంకకును అడ్డముగా కట్ట పోసి, మీది చెరువు నిండి మరవ పారినచో ఆ నీరు క్రింది చెరువులో చేరునట్లుగా గొలుసుకట్టు చెరువులను నిర్మించిరి. ఆ చెరువులు పూడికతో మెరకలై, వాటి కాలువలు ఆక్రమణలకు లోనై, తూము తీసి మూసి మడిమడికి నీరు పంచు నీరుగంటి వృత్తి క్షీణించిన తరువాత, జనులు బోరుబావుల నాశ్రయించి, మొదట రెండు మూడు వందల అడుగులును, పిమ్మట వేయి అడుగులును, కొన్ని చోట్ల అంతకు మించియు రాతిని తొలిచి, నీరు పడనిచో అప్పులపాలైరి.

అట్టి నేలలో 2018వ సంవత్సరము జూన్ నెలలో ఒక విశేషము సంభవించెను. బెంగుళూరు మహానగరములోని స్నానపు గదులనుండియు, వంటయిండ్లనుండియు, మరుగుదొడ్లనుండియు వెలువడిన మురుగునీరు, శుద్ధి కర్మాగారములలో కొంతవరకు శుభ్రపడి, పంపులచే ఎత్తబడి, గొట్టముల గుండ తూర్పునకు ప్రయాణించి, కోలారు సమీపమునందలి లక్ష్మీసాగరము చెరువును చేరెను. కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకమనునది దాని పూర్తి పేరు, జనులు కె.సి. వ్యాలీ యనియే వ్యవహరింతురు. దినమునకు 44 కోట్ల లీటర్ల నీటిని వందకు పైబడిన చెరువులలో ఒకదాని వెంట నొకటిగా నింపవలెనని దాని రూపకల్పన. ఆ సామర్థ్యము ఏడాది పొడుగునను పూర్తిగా వినియోగపడినచో, లెక్కకు ఐదున్నర టి.ఎం.సి.లకు పైచిలుకు నీరగును. ఇటువంటిదే మరియొక పథకము హెబ్బాళ–నాగవార లోయనుండి చిక్కబళ్లాపురము వైపునకు సాగినది. నగరము తాను వాడి విసర్జించినదానిని, తనకు పాలును కూరగాయలును పంపుచున్న మెట్టప్రాంతమునకు తిరిగి నీటిరూపమున చెల్లించుట మన దేశములో ఇంత పెద్ద పరిమాణమున జరుగుట అరుదు.

నగరాభివృద్ధి చిరకాలము నిలుచునదిగా ఉండవలెనని కోరు పండితులును, పాలకులును ఇటువంటి ప్రయత్నములను గుర్తించి, లోకమునకు చాటి, ఒక ఊరిలో ఫలించినదానిని వేరొక ఊరివారికి అందజేయవలెనని చాలకాలముగా యత్నించుచున్నారు. 1996లో ఇస్తాంబులు నగరమున జరిగిన ఐక్యరాజ్య సమితి మానవ ఆవాసముల మహాసభ నాటికే, దుబాయి నగరపాలక సంస్థ 1995లో స్థాపించిన అంతర్జాతీయ పురస్కారము ఒకటి ఉత్తమ పద్ధతుల నెన్నుటకు ఏర్పడియుండెను. అప్పటినుండి పురస్కారములు పెరిగినవి, శ్రేణులు పెరిగినవి, పట్టణముల స్థానములను ఏటేట ప్రకటించు సర్వేలు పెరిగినవి. ఇందు మేలు లేకపోలేదు. చిన్న పురపాలక సంఘమునకు ఒక బహుమతి వచ్చినదన్న వార్త ఆ ఊరి పారిశుద్ధ్య కార్మికుల ముఖములలో కాంతి నింపును. ఆ కాంతి విలువైనదే. కాని పద్ధతి ఇంకను పసిప్రాయములో నుండగనే, అది రెండు కరవులనైనను, ఒక అతివృష్టినైనను, అధికారుల బదిలీలనైనను ఎదుర్కొనక పూర్వమే, దానిని సఫలమని ముద్రవేసి ఇతరులకు ఆదర్శముగా చూపుట మాత్రము శాస్త్రసమ్మతము కాదు. కోలారు చెరువుల కథ ఈ విషయమున మిక్కిలి బోధకమైనది. అందు ఫలమును కలదు, దోషమును కలదు, ఫలమును కొలుచుటలోని చిక్కును కలదు.

మొదట శుద్ధి యనగా ఏమో చూతము. మురుగునీటిలో వేయి పాళ్లకు తొమ్మిదివందల తొంబదితొమ్మిది పాళ్లు నీరే. మిగిలిన ఒక్క పాలే దుర్గంధమునకును, రోగమునకును, నురుగునకును కారణము. ప్రాథమిక శుద్ధిలో ఇసుకయు, బరువైన మడ్డియు తొట్టిలో అడుగునకు దిగును. ద్వితీయ శుద్ధిలో అసలైన పని జరుగును: నీటిలోనికి గాలిని బలముగా ఊది, అందు సహజముగనే యుండు సూక్ష్మజీవులను పోషించినచో, అవి నీటిలో కరిగియున్న జీవసంబంధమైన మాలిన్యమును ఆహారముగా గ్రహించి వృద్ధిచెంది, గుంపులు గుంపులుగా చేరి అడుగునకు దిగును, ఆ అడుగు బురదలో కొంత భాగమును మరల మొదటి తొట్టిలోనికి పంపినచో, ఆకలిగొనియున్న ఆ జీవరాశి కొత్తగా వచ్చిన మురుగును మరింత వేగముగా భక్షించును. 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెర్ను, లాకెట్టు అను ఇరువురు శాస్త్రజ్ఞులు కనుగొన్న ఈ విధానమే నేటికిని ప్రపంచములోని అనేక నగరములను రక్షించుచున్నది. నీటిలోని మాలిన్యము కుళ్లుటకు ఎంత ప్రాణవాయువును హరించునో కొలిచి, ఆ కొలతచే మురుగు తీవ్రతను నిర్ణయింతురు. శుద్ధికి పూర్వము లీటరునకు 200 మిల్లీగ్రాముల ప్రాంతమున ఉండు ఆ కొలత, ద్వితీయ శుద్ధి సక్రమముగా జరిగినచో పది ఇరువదులకు దిగును.

ఐనను ద్వితీయ శుద్ధితో సమస్తమును తొలగిపోదు. సబ్బులనుండియు, మలమూత్రములనుండియు వచ్చిన భాస్వరము, నత్రజని సమ్మేళనములు చాలవరకు నిలుచును. అవి చెరువులో చేరినపుడు నాచుకును, గుర్రపుడెక్కకును ఎరువగును. రోగకారకములైన సూక్ష్మజీవులును పూర్తిగా నశింపవు. వీనిని తొలగించుటకు తృతీయ శుద్ధి అవసరము. దానికి వడపోత గదులును, రసాయనములును, అదనపు విద్యుత్తును కావలెను, వ్యయము గణనీయముగా పెరుగును. కె.సి. వ్యాలీ పథకమును ద్వితీయ శుద్ధితో ఆపి, మిగిలిన పనిని చెరువునకును, నేలకును అప్పగించిరి. కోలారు రైతు సంఘములును, పర్యావరణ పరిశీలకులును నాటినుండి నేటివరకు లేవనెత్తుచున్న వివాదమునకు మూలము ఈ నిర్ణయమే.

నేల నిజముగా కొంత పని చేయును. నిండిన చెరువు అడుగున కాలు మోపినచో, పాదము క్రింద మెత్తగా, జిగటగా, నల్లగా తగులు పూడికపొర ఒకటి యుండును. దాని పైభాగమున, కంటికి కనబడనంత పలుచగా, కోటానుకోట్ల సూక్ష్మజీవులు అల్లుకొని జీవించుచుండును. నీరు అందుగుండ దిగునపుడు తేలియాడు కణములు అక్కడనే చిక్కుపడును. రోగకారకములు అనేకము అచ్చటనే ఆహారమైపోవును. భార లోహములలో కొన్నియు, భాస్వరములో అధిక భాగమును బంకమట్టి రేణువులకు అంటుకొని నిలిచిపోవును. ఆ పొర మరీ మందమైనచో నీరు దిగుటయే మానును, మరీ పలుచనైనచో వడపోత చాలదు. కావున పూడిక తీయుట యనునది, ఎంత లోతు, ఏ భాగమున, ఎన్నేండ్ల కొకసారి యను వివేకముతో చేయవలసిన పని. ఇక నత్రజని విషయము వేరు. అమ్మోనియా గాలితగులు పొరలో నైట్రేటుగా మారును. గాలి తగులని లోతుపొరలో, జీవపదార్థము సమృద్ధిగా నున్నచో, ఆ నైట్రేటు వాయురూపమైన నత్రజనిగా మారి ఆకాశమునకు పోవును. సమృద్ధిగా లేనిచో, నైట్రేటు మట్టికి అంటుకొను స్వభావము కలది కాదు కనుక, నీటితోపాటు నిరాటంకముగా బావిలో ప్రవేశించును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. చెరువుగట్టు ప్రక్కన పాడుపడి, మూత లేక, పైగొట్టము తుప్పుపట్టిన బోరు ఒకటి యున్నచో, నీరు మట్టి వడపోతను తప్పించుకొని నేరుగా పాతాళమునకు జారిపోవును. ఒక్క బోరు చాలును, చుట్టుప్రక్కల పది బోర్ల నీటిని పాడుచేయుటకు. చెరువును నింపుటకు ముందు అట్టి బోర్లను వెదకి మూసివేయుట గొట్టములు పరచుట కంటె చౌకయైన పని. పథకముల అంచనా పత్రములలో దానికి స్థానము దొరకుట మాత్రము అరుదు.

నీరు చెరువులలో నిలిచిన పిదప పరిసరములలోని బావులలోను, బోర్లలోను జలమట్టము పెరిగినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ పెరుగుదలను కొలిచి, ఫలితములను శాస్త్ర పత్రికలలో ప్రకటించిరి. ఎండిపోయిన బోరు మరల పోయుట చూచిన రైతుకు అంతకు మించిన ప్రమాణము అక్కరలేదు. అతని సంతోషమును శంకించుటకు ఎవరికిని అధికారము లేదు. కాని ఆ పెరుగుదల అర్థమేమో తెలిసికొనుటకు మనము రాతి స్వభావమును కొంచెము లోతుగా పరిశీలింపవలెను. పథకముల విజయమును నిర్ణయించువారు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే.

రామసముద్రము, కోలారు ప్రాంతముల క్రింద నున్నది గ్రానైటు, నైసు జాతికి చెందిన అతిప్రాచీనమైన కఠిన శిల. నదీతీరపు ఇసుకనేలలో వలె నీరు రేణువుల నడుమ విస్తారముగా నిలుచుటకు ఇందు అవకాశము లేదు. పైన కొన్ని మీటర్ల మందమున శిథిలమైన రాతిపొరలోను, దాని క్రింద సన్నని పగుళ్లలోను మాత్రమే నీరు వసించును. ఇట్టి శిథిల శిలలో నూరు ఘనపు మీటర్ల రాతినుండి మనకు దక్కు నీరు సాధారణముగా ఒకటి మొదలు మూడు ఘనపు మీటర్లే. సన్నని మెడగల కూజాలో గ్లాసెడు నీరు పోసిన మట్టము జానెడు లేచును, అదే గ్లాసెడు నీరు గంగాళములో పోసిన కంటికి ఆనదు. మన నేల ఆ కూజా వంటిది. నూటికి రెండు పాళ్ల లెక్కన చూచినచో, బావిలో నీరు పది మీటర్లు పైకి వచ్చినదనగా, ఆ నేలలో చదరపు మీటరు ఒక్కింటికి చేరిన నీరు 200 లీటర్లు మాత్రమే. టమోటా పంట ఒక కారులో చదరపు మీటరునకు 400 మొదలు 600 లీటర్ల నీరు కోరును. వరి అంతకు రెట్టింపును మించును. అనగా ఊరి బావులన్నియు పది మీటర్లు నిండినను, ఆ నీటితో ఊరి నేలలో సగమునకు మించి టమోటా పండదు. కాని పది మీటర్లు నిండిన బావిని చూచిన కంటికి అది అక్షయపాత్రవలె తోచును.

ఈ ఒక్క సంగతి గ్రహించినవారు జలమట్టపు అంకెను మాత్రమే చూచి ఒక పథకమును సఫలమని ప్రకటింపజాలరు. నీరు ఎంత లేచినదో మాత్రమే గాక, లేచిన తరువాత ఎందరు క్రొత్తగా బోర్లు వేసిరి, ఎవరు మల్బరీ తీసివేసి వరి నాటిరి, చెరువునకు అరమైలు దూరమున నున్న రైతుకు దక్కినదెంత, రెండు మైళ్ల దూరమున నున్నవానికి దక్కినదెంత, వేసవిలో పంపు ఆగినపుడు మట్టము ఎన్ని దినములలో పడిపోవుచున్నది, ఇవన్నియు కూడ అడుగవలెను. ఆ చెరువులనుండి నేరుగా మోటార్లతో నీరు తోడరాదను నియమము కర్ణాటకలో కలదు, నియమము ఉచితమైనదే. కాని బోరునకు అట్టి నియమము లేదు, చెరువును బోరును కలుపునది ఆ రాతి పగుళ్లే.

దోషము విషయమున కోలారువారు మౌనము వహింపలేదు. నీరు వచ్చిన కొలది వారములకే, 2018 జూలైలో, లక్ష్మీసాగరము చెరువులో తెల్లని నురుగు లేచెను. అదే సంవత్సరము జనవరిలో బెంగుళూరులోని బెళ్లందూరు చెరువు మాలిన్యముతో మండిపోయిన సంగతి జనుల మనస్సులలో ఇంకను పచ్చిగనే యుండెను. కర్ణాటక హైకోర్టు నీటి సరఫరాను నిలిపివేసి, కొంతకాలమునకు మరల అనుమతించెను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మరియొకసారి ఆపెను, పిమ్మట ఆ నిషేధమును తొలగించెను. ఈ వ్యాజ్యములను అభివృద్ధికి ఆటంకములుగా వర్ణించువారితో నేను ఏకీభవింపను. నీటిని పరీక్షింపుడు, ఫలితములను బహిరంగపరుపుడు, తృతీయ శుద్ధి జరుపుడు అని జనులు అడుగుటయే ఆ పథకమునకు లభించిన మొదటి నిజమైన పరీక్ష. ఆ పరీక్ష వ్రాయించినవారు పురస్కార నిర్ణేతలు కారు, ఆ నీటి ప్రక్కన బ్రతుకవలసినవారు. తృతీయ శుద్ధి విషయమున వారి కోరిక న్యాయమైనదనియే నా దృఢాభిప్రాయము. నేల చేయగల పనికి ఒక హద్దు కలదు, ఆ హద్దు ఎచ్చట నున్నదో ఏండ్ల తరబడి జరుగు కొలతలచే తప్ప తెలియరాదు.

ఇతర దేశములవారు ఈ హద్దును తప్పించుటకు ఎంత జాగ్రత్త వహించిరో చూచిన ఆశ్చర్యము కలుగును. ఆఫ్రికాలో ఎడారి అంచుననున్న నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుండియే మురుగునీటిని అనేక దశలలో శుద్ధిపరచి త్రాగునీటిలో కలుపుచున్నది. కాలిఫోర్నియాలోని ఆరెంజి కౌంటీవారు 1976 నుండి శుద్ధజలమును భూమిలోనికి ఎక్కించుచు, సముద్రపు ఉప్పునీరు తమ బావులలోనికి చొరబడకుండ ఆపుచున్నారు. 2008లో దానిని మరింత విస్తరించి, నీటిని సూక్ష్మమైన పొరలగుండ ఒత్తిడితో వడగట్టి, అతినీలలోహిత కిరణములచే రోగక్రిములను చంపి, ఆ పిదపనే నేలకు అప్పగించుచున్నారు. ఇక రెండవ కొసన మన హైదరాబాదు దిగువ మూసీ తీరము కలదు. అచ్చట దశాబ్దముల తరబడి రైతులు నగరపు మురుగునీటితోనే పారాగడ్డి పెంచి, నగరపు గేదెలకు అమ్మి జీవించిరి. నీటికి కొరత లేదు, ఆదాయమును కలదు, చర్మవ్యాధులును కలవు. విండ్‌హుక్‌కును మూసీకిని నడుమ ఎక్కడనో కోలారు నిలిచియున్నది.

ఇప్పుడు మన వైపునకు చూపు మరల్చుదము. శ్రీశైలమునుండి హంద్రీ–నీవా కాలువగుండ ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా కృష్ణాజలము పుంగనూరు ఉపకాలువకును, అచ్చటినుండి కుప్పము ఉపకాలువకును సాగివచ్చుట, 2025 ఆగస్టులో కుప్పము ప్రాంతపు పరమసముద్రము చెరువును చేరుట పాఠకులకు తెలిసిన విషయమే. ఎంతో ప్రయాసతో వచ్చిన ఆ నీరు పట్టణపు ఇండ్లలో ప్రవేశించిన దినమే, దానిలో నూటికి సుమారు ఎనుబది పాళ్లు మురుగుగా బయటికి వచ్చుట ప్రారంభించును. త్రాగునీటి పథకము ప్రతిదియు, ఎవరును శంకుస్థాపన చేయని ఒక మురుగునీటి పథకమును వెంటబెట్టుకొని వచ్చును. లక్ష జనాభా గల పట్టణములో మనిషికి దినమునకు 135 లీటర్ల ప్రామాణిక లెక్కన నీరు అందినచో, తిరిగి వచ్చునది కోటి లీటర్లకు పైబడును, ఏడాదికి టి.ఎం.సి.లో ఏడవ వంతు. మదనపల్లెకైనను, పుంగనూరుకైనను, ఇది పరిమాణమున అల్పము కాదు, వానపై ఆధారపడదు, మే నెలలోను ఆగదు.

దీనిని వినియోగపరచుటకు కోలారువారినుండి ఏమి నేర్వవలెను? గొట్టమును నేర్వనక్కరలేదు. బెంగుళూరులో మురుగు కాలువల వలయము ముందే యుండెను, శుద్ధి కర్మాగారములు ముందే యుండెను. వాని చివర పంపును గొట్టమును చేర్చిరి. మన పట్టణములలో ఇండ్ల వెనుక సెప్టిక్ ట్యాంకులు కలవు, స్నానపు నీరు వీధికాలువలో కలియును, ట్యాంకు నిండినపుడు ట్యాంకరు వచ్చి తోడుకొనిపోయి ఊరి వెలుపల ఏ వంకలోనో వదలును. అట్టి ఊరికి మొదటి పాఠము బెంగుళూరు సమీపమునందే యున్న దేవనహళ్లిలో దొరకును: అచ్చట 2015లో ఆ ట్యాంకర్ల మలినమును సేకరించి, ఆరబెట్టి, ఎరువుగా మార్చు చిన్న కేంద్రము దేశములో మొదటిసారిగా పట్టణ స్థాయిలో నెలకొన్నది. ఇక వీధికాలువల నీటికి, విద్యుత్తుతో గాలి ఊదు యంత్రములకు మారుగా, వరుసగా త్రవ్విన నిలువ కుంటలు మన ఎండకు చక్కగా సరిపోవును: మొదటి లోతైన కుంటలో గాలి తగులని సూక్ష్మజీవులు మడ్డిని జీర్ణింపజేయును, రెండవదానిలో నాచు సూర్యకాంతిచే ప్రాణవాయువును పుట్టించి ఇతర జీవులకు అందించును, చివరి లోతు తక్కువైన కుంటలలో ఎండయే రోగక్రిములను చంపును. పచ్చిగా తిను కూరగాయలకు వాడు నీటిలో మలసంబంధమైన సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు వేయి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో నిర్దేశించెను. తగినన్ని దినములు నీరు నిలిచినచో కుంటలు ఆ ప్రమాణమును అందుకొనగలవు. వీనికి కావలసినది స్థలము. మహానగరమునకు దొరకనిది, మన ఊళ్లకు ఇంకను దొరకునది, అదియే.

నీరు పల్లమెరుగును, దానిని గౌరవించినచో వ్యయము తగ్గును. కోటి లీటర్ల నీటిని నూరు మీటర్ల ఎత్తునకు పంపుటకు దినమునకు సుమారు 3,900 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఆ బిల్లు కట్టలేని నెలలో పథకము ఆగును. పట్టణమునకు దిగువననున్న చెరువును ఎన్నుకొన్నచో ఆ బిల్లే యుండదు. ఊరి ఎగువనున్న పేరుగల పెద్ద చెరువును నింపి ఉత్సవము జరుపుకొనుట కంటె, దిగువనున్న ఎవరికిని పట్టని కుంటను నింపుట మేలు.

నేర్చుకొను విధానమును గురించి మదనపల్లెవారికి దూరము పోనక్కరలేని ఉదాహరణ ఒకటి కలదు. ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రములో ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు తమతమ వేగమున కార్డులతో చదువుకొను పద్ధతి ఒకటి రూపొందెను. 1995 ప్రాంతమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు వచ్చి ఆ పల్లెబడులలో కూర్చుండి, చూచి, తిరిగి వెళ్లి తమ భాషలో, తమ పిల్లలకు తగినట్లుగా కార్డులను తామే వ్రాసికొనిరి. అదియే కర్ణాటకలో ‘నలి కలి’ యను పేర వ్యాపించెను. పిదప చెన్నై నగరపాలక పాఠశాలలును ఆ మార్గమునే తమకు తగినట్లు మలచుకొనినవి. ప్రయాణము చేసినది పాఠము చెప్పు ఉపాధ్యాయుడు. అతడు కార్డును గాక, కార్డు వ్రాయు విధానమును వెంట తీసికొనిపోయెను. పద్ధతి సరిహద్దు దాటుటకు కారణము ఇదియే.

పట్టణముల విషయమున దీనికి సాటియైనది 2012 అక్టోబరులో వరంగల్లులో జరిగెను. అంతకు కొన్నేండ్లకు పూర్వము సూర్యాపేట పురపాలక సంఘము తడిచెత్తను, పొడిచెత్తను ఇంటింట వేరువేరుగా సేకరించి, తడిదానిని వానపాముల ఎరువుగా మార్చి, చెత్తకుండీలు లేని పట్టణముగా పేరుగాంచియుండెను. వరంగల్లులో, నాటి ఉమ్మడి రాష్ట్రపు పురపాలక సంఘములనుండి వచ్చిన పారిశుద్ధ్య సిబ్బంది వందలకొలది బృందములుగా ఏర్పడి, వారము దినములు ఆ నగరపు వీధులను తామే పంచుకొని, తలుపు తట్టి, గృహిణులతో మాటలాడి, రెండు బుట్టల పద్ధతిని పోటీగా నడపిరి. వారు విన్నది ఉపన్యాసము కాదు. తోపుడుబండి ఎక్కడ ఇరుకున చిక్కునో, ఏ వేళకు ఏ వీధిలో ఇల్లాలు తలుపు తీయునో, ఇట్టివి చేతికి తెలిసినవి. అట్టి జ్ఞానమునకు నివేదికలో చోటుండదు.

కనుక రామసముద్రమునుండియో, పుంగనూరునుండియో కోలారు చెరువులను చూడబోవువారు అధికారుల వెంట కట్టమీద నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని మరలుటతో సరిపెట్టరాదు. పంపుహౌసులో రాత్రి కాపలాయున్నవానిని ఎన్ని గంటలు నీరు ఆగుచున్నదో అడుగవలెను. చెరువులో చేపలు పట్టువారిని ఏ నెలలో చేపలు తేలుచున్నవో అడుగవలెను. బోరు మరల పోసిన రైతును మాత్రమే గాక పోయనివానినిగూడ వెదకి పలుకరింపవలెను. నీటి పరీక్షల పట్టికలలో మొదటి ఏడాదిది, ఇప్పటిది ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మరలివచ్చిన తరువాత, మన చెరువులోనికి మొదటి చుక్క పారకమునుపే, చుట్టునున్న కొన్ని బోర్లను ఎన్నుకొని, వానలకు ముందొకసారి, వానల తరువాత ఒకసారి, మట్టమును, నైట్రేటును, ఫ్లోరైడును కొలిచి పుస్తకములో వ్రాసియుంచవలెను. ఆ ముందు కొలత లేనిచో, తరువాత వచ్చు పెరుగుదల నగరజలము వలన కలిగినదో, మంచి వాన వలన కలిగినదో ఎవరును చెప్పజాలరు. బడి పిల్లలచే గూడ చేయింపదగిన కొలత ఇది. తాడు, తూకపుగుండు, ఒక పుస్తకము చాలును తెరిచియున్న బావికి.

ఈ కొలతలు మన అవసరమునకు మాత్రమే కావు. నందికొండలలో పుట్టిన పాలారు కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రములో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు ప్రవహించును. బేతమంగళము చెరువు దాటి కుప్పము ప్రాంతమును ఒరసి వాణియంబాడి వైపు సాగును. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు ఎగువ చెరువులను గురించి ఒడంబడిక చేసికొన్నపుడు, దిగువకు ఎంత నీరు వదలుట యనునదే ప్రశ్న. నేడు కోలారు చెరువులు నగరజలముతో నిండుచున్నవి. మంచి వానకాలమున వాటి మరవలు పారినపుడు, ఎంత నీరను ప్రశ్నతోపాటు, ఎట్టి నీరను ప్రశ్నయు పుట్టును. కోలారులో చెరువు నీటిని పరీక్షించిన ఫలితములు కన్నడములోను, తెలుగులోను, తమిళములోను నెలనెలకు ప్రకటింపబడి, కుప్పమునకును, కుప్పమునుండి వాణియంబాడికిని అందవలెను; అందులో నురుగు లేచిన నెలలును, పరీక్ష తప్పిన నెలలును దాచకుండ ఉండవలెను.